జీడిమామిడి ఇంటిపేరు

చెన్నై–హౌరా రైలుమార్గమున పలాస స్టేషనులో దిగి కాశీబుగ్గ వైపు నడచువారికి ఊరికంటె ముందుగా ఒక వాసన ఎదురువచ్చును. అది జీడిపిక్కలను వేడిచేయునపుడు లేచు వాసన. పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు తీయు కర్మాగారములు అనేకము కలవు. అచ్చటినుండి తూర్పుగా సముద్రమువరకు సాగిన ఉద్దానపు ఇసుకనేలలలో కొబ్బరి, పనస, మామిడి చెట్లతోపాటు జీడిమామిడి తోటలు పరచుకొని యున్నవి. ఉద్దానమనగా ఉద్యానమే యని అచ్చటి పెద్దలు చెప్పుదురు.

జీవశాస్త్రజ్ఞులు ప్రాణులను ఏ విధముగా వర్గీకరింతురు, వాటికి పేర్లు ఏ విధముగా పెట్టుదురు అనునది ఈనాటి మా ప్రసంగవిషయము. దానికి పలాస స్టేషనుతో పని యేమని శ్రోతలు అడుగవచ్చును. “జీడిమామిడి” యను ఒక్క మాటలో ఆ శాస్త్రపు మూలసూత్రము ఇమిడియున్నది. అందుచేతనే అచ్చటినుండి మొదలు పెట్టుచున్నాము.

జీడిమామిడి మన దేశపు చెట్టు కాదు. దాని పుట్టినిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు దానిని మన పడమటి తీరమునకు తెచ్చిరి. క్రమముగా అది తూర్పు తీరమునకును వచ్చినది. కొత్త చెట్టును చూచిన తెలుగువారికి దానిని పిలుచుటకు పేరు లేదు. అయినను వారికి తెలిసిన చెట్లు రెండు జ్ఞప్తికి వచ్చినట్లున్నది. మొదటిది మన అడవులలోని జీడి. నేడు దానిని నల్లజీడి యనుచున్నాము. దాని నల్లని గింజ నారింజరంగుగల కండపై కూర్చున్నట్లుండును. గింజపెంకులోని రసము చర్మమునకు తగిలినచో పొక్కును. కొత్త చెట్టు పిక్కయు పండువంటి కండ చివర అట్లే కూర్చున్నది; దాని పెంకులోను అట్టి రసమే యున్నది. రెండవది మామిడి. కొమ్మల చివర గుత్తులుగా వచ్చు పూత చూచినచో మామిడిపూత గుర్తు రాక మానదు. కనుక ఆ రెండింటికి చుట్టముగా ఎంచి దానిని జీడిమామిడి యనిరి. ఆ పేరు పెట్టినవారెవరో మనకు తెలియదు. కాని వారు చేసిన పని, తెలిసిన ప్రాణులకు తెలియని ప్రాణికి గల పోలికను పరిశీలించి చుట్టరికము నిర్ణయించుట. వర్గీకరణ యనగా అదియే.

వస్తువులను తెగలుగా పేర్చుటయంతయు ఇట్టి వర్గీకరణ కాదు. పలాస వర్తకులు పప్పును డబ్ల్యు-180, డబ్ల్యు-240, డబ్ల్యు-320 అని తెగలు చేయుదురు. ఆ అంకె ఒక పౌనుకు, అనగా సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగునో తెలుపును. అంకె పెరిగినకొలది పప్పు చిన్నది. బేరమునకు ఈ విభజన చాలును. కాని 180 పప్పును, 320 పప్పును ఒకే చెట్టున కాయవచ్చును. శాస్త్రజ్ఞుడు వెదకునది పరిమాణము కాదు, వంశము. ఏ ప్రాణి ఏ ప్రాణితో కలసి ఒక మూలమునుండి పుట్టినది అనునది అతని ప్రశ్న.

మన పేర్లు ఇంత అర్థవంతములైనపుడు మరల లాటిను పేర్లేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. ఇంటిలో పిలుచుకొను పేరు ఇంటిలో చెల్లును. ఊరు దాటినపుడు చిక్కు వచ్చును. పలాస వర్తకుడు జీడిపప్పును గూర్చి తమిళదేశమునకు జాబు వ్రాయునపుడు “ముందిరి” యనవలెను. అదే మాటను మలయాళదేశమున వాడినచో వారు ద్రాక్ష యని గ్రహింతురు. జీడిమామిడిని వారు “పరంగిమావు” అందురు. అనగా పరదేశీయుల మామిడి. హిందీలో అది “కాజూ”. బ్రెజిల్ దేశపు ఆదివాసుల మాటను పోర్చుగీసువారు గ్రహింపగా, వారి ద్వారా మనకు చేరినదే యీ కాజూ. ఒకే వస్తువునకు పలు పేర్లు, ఒకే పేరునకు పలు వస్తువులు. మన ఇండ్లలోనే చూడుడు: “జీడి” యన్నచో ఒకరికి నల్లజీడి, ఒకరికి జీడిపప్పు, బాలురకు తీర్థములో అమ్ము బెల్లపు మిఠాయి.

ఈ చిక్కు తీర్చిన వాడు స్వీడను దేశస్థుడైన కార్ల్ లిన్నేయస్. ఈయన 1707 నుండి 1778 వరకు జీవించెను. ఆయనకు పూర్వము పండితులు ఒక్కొక్క మొక్కకు దాని లక్షణములన్నియు ఏకరువు పెట్టు పొడుగాటి లాటిను వాక్యమునే పేరుగా వాడుచుండిరి. లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథమున ఆరువేలకు దగ్గరగా మొక్కలను చేర్చి, ప్రతిదానికి రెండు మాటల పేరు పెట్టెను. జంతువులకు అట్టి పేర్లు 1758లో పెట్టెను. నేటికిని మొక్కల పేర్లకు 1753, జంతువుల పేర్లకు 1758 ఆరంభసంవత్సరములుగా లెక్కింపబడుచున్నవి.

ఈ రెండు మాటల పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. మనము ఇంటిపేరు ముందు చెప్పి, పెట్టినపేరు తరువాత చెప్పుదుము. లిన్నేయస్ పద్ధతియు అట్టిదే. మొదటి మాట ప్రజాతి పేరు. అది ఇంటిపేరువలె దగ్గరి చుట్టములన్నింటికి సమానము. రెండవ మాట ఆ ప్రాణిది. రెండును కలిసినపుడే జాతి నిర్దేశింపబడును. మామిడి “మాంజిఫెరా ఇండికా”. జీడిమామిడి “అనకార్డియం ఆక్సిడెంటాలె”. నల్లజీడి “సెమికార్పస్ అనకార్డియం”.

ఈ మూడవ పేరు విన్నవారు ఒక వింత గమనించియుందురు. జీడిమామిడికి ఇంటిపేరైన “అనకార్డియం” నల్లజీడికి పెట్టినపేరుగా నున్నది. దీని వెనుక ఒక కథ కలదు. అనకార్డియం అనునది గుండె ఆకారమును సూచించు గ్రీకుమాట. ఐరోపాలోని ఔషధవర్తకులు పూర్వకాలమున మన దేశమునుండి పోవు నల్లజీడిగింజకే ఆ పేరు వాడుచుండిరి. అమెరికానుండి జీడిమామిడి పిక్క వచ్చినపుడు, దీనిని దానితో పోల్చి “పడమటి అనకార్డియం” అనిరి. ఆక్సిడెంటాలె యనగా పడమటిది యని అర్థము. లిన్నేయస్ ఆ పేరును పడమటి చెట్టుకే స్థిరపరచెను. ఆయన కుమారుడు 1782లో నల్లజీడికి వేరొక ఇంటిపేరు పెట్టి, పాత పేరును రెండవ మాటగా మిగిల్చెను. సెమికార్పస్ అనగా గుర్తుపెట్టు కాయ. బట్టలుతుకువారు ఎవరి బట్టలు వారికి చేర్చుటకు దాని రసముతో చెరగని నల్లగుర్తు పెట్టుచుండెడివారు కదా!

తెలుగునేలపై జరిగినదియు ఇదియే. జీడి యను పేరు మొదట అడవిచెట్టుది. జీడిమామిడి వచ్చి, వర్తకమున పెరిగి, ఆ పేరును తాను తీసికొన్నది. అసలు జీడి “నల్లజీడి” యయినది. ఒకరి సంగతి ఒకరెరుగని తెలుగు రైతును, ఐరోపా పండితుడును ఒకే పోలికను చూచి, ఒకే విధముగా పేరు మార్చుకొనిరి.

ఒక విషయమున మాత్రము మనవారే ముందున్నారు. లిన్నేయస్ పేర్లు చక్కగా పెట్టెను గాని, మొక్కలను వరుసలు పేర్చుటకు పూవులోని పుంకేసరములను లెక్కించు పద్ధతిని అవలంబించెను. ఆ లెక్క ప్రకారము మామిడి అయిదు కేసరముల తరగతిలో పడినది. జీడిమామిడి పది కేసరముల తరగతిలో, వేపకు దగ్గరగా పడినది. తెలుగుమాట కలిపిన చుట్టములను లిన్నేయస్ లెక్క విడదీసినది. ఇది సులభమైన పద్ధతియే గాని సహజమైనది కాదని ఆయనకును తెలియును. 19వ శతాబ్ది తొలిభాగమున వృక్షశాస్త్రజ్ఞులు ఒక్క లక్షణమును గాక పూవు, అండాశయము, గింజ, బెరడు, రసము అన్నియు కలిపి చూచి, జీడిని, మామిడిని, జీడిమామిడిని ఒకే కుటుంబమున చేర్చిరి. దాని పేరు అనకార్డియేసీ. కణములలోని డి.ఎన్.ఏ.ను చదువగలిగిన నేటి శాస్త్రజ్ఞులును ఆ తీర్పునే స్థిరపరచిరి.

జాతులు కలిసి ప్రజాతి. ప్రజాతులు కలిసి కుటుంబము. కుటుంబములు కలిసి క్రమము. ఆ పైన తరగతి, వర్గము, రాజ్యము. ఉత్తరముపై మనిషి పేరునుండి ఇల్లు, ఊరు, మండలము, జిల్లా, రాష్ట్రము, దేశమువరకు వ్రాసినట్లే యిది. మన వంటయింటిలోనే ఈ మెట్లు చూడవచ్చును. పాయసములో వేయు జీడిపప్పు, సారపప్పు, పిస్తా, ఈ మూడును అనకార్డియేసీ కుటుంబమువే. పక్కనున్న బాదమునకు వాటితో ఈ చుట్టరికము లేదు. అది గులాబీ కుటుంబమునకు చెందినది. పోపులో వేయు కరివేపయు, పెరటిలోని వేపయు జీడికుటుంబములోనివి కావు. రెండును వేర్వేరు కుటుంబములవి. అయినను ఈ మూడు కుటుంబములును ఒకే క్రమమున చేరినవి. అనగా కరివేపకు, జీడిపప్పునకు దూరపు బంధుత్వము కలదన్నమాట.

మన వాడుకపేర్లు అన్నివేళల ఇంత నిజము చెప్పవు. నేలవేము చేదుగా నుండుటచేత దానికి వేప పేరు వచ్చినది. రుచి తప్ప వేరు సంబంధము లేదు. దాని కుటుంబము వేరు, క్రమము వేరు. ఒక్క గుణమును పట్టుకొని పేరు పెట్టినచో పొరపాటు కలుగును. జీడిమామిడి పేరు నిలిచినదనగా, దానిని పెట్టినవారు ఒకటికి రెండు గుణములు చూచినందుననే యని మేము తలచుచున్నాము.

చుట్టరికము తెలిసినందువలన ప్రయోజనమేమి? పలాస కర్మాగారములలో పిక్కలు కొట్టు స్త్రీల చేతులను చూచినచో తెలియును. పెంకులోని నూనె తగిలి వారి వేళ్లు నల్లబడును, చర్మము పొక్కి ఊడును. అందుచేత చేతులకు బూడిదయో, నూనెయో పూసికొని పని చేయుదురు. తొడుగులున్నచో మేలు. ఈ బాధ జీడిపిక్కతోనే ఆగదు. నల్లజీడి రసము ఇంతకంటె తీవ్రమైనది. మామిడికాయ కోసినపుడు కారు సొన పెదవికి తగిలి పుండగుట మన పిల్లలందరు ఎరిగినదే. అమెరికాలో పాయిజన్ ఐవీ యను తీగ తగిలినచో ఒళ్లు దద్దురులు పొక్కును. జపానులో లక్కపూతకు వాడు చెట్టు రసమును అంతియే. ఇవి యన్నియు అనకార్డియేసీ కుటుంబమువే. వీనిలోని దాహక పదార్థములు ఒకదానికొకటి దగ్గరివి. అమెరికాలో నున్న మన బంధువు ఒకరికి ఆ తీగ పడనిచో, మామిడితొక్క కొరుకునపుడును జాగ్రత్తపడుమని చెప్పవచ్చును. ఒక ప్రాణి ఇంటిపేరు తెలిసినచో, దానిని ముట్టకమునుపే దాని గుణము కొంత ఊహింపవచ్చును. వర్గీకరణము ఈ విధమున జనులకు అక్కరకు వచ్చును.

శాస్త్రీయనామములన్నియు లాటిను, గ్రీకులనుండియే వచ్చినవని తలచుట సరికాదు. మన తీరపు మాటలును అందులో కలవు. 18వ శతాబ్ది చివర విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు మన జాలరులనడిగి చేపల తెలుగుపేర్లు వ్రాసికొనెను. విశాఖలో సేకరించిన 200 చేపల చిత్రములతో ఆయన గ్రంథము 1803లో వెలువడినది. దానిలోని “కనగుర్త” యను పేరును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1816లో గ్రహించెను. మన తీరమున కానాగంత యని కూడ పిలుచు ఆ చేప నేటికిని ప్రపంచమంతట “రాస్ట్రెల్లిగర్ కనగుర్త”. పసుపు, నలుపు పట్టెలుగల పామును “బంగారము పాము” అని రస్సెల్ వ్రాసికొనగా, దానినుండి కట్లపాముల ప్రజాతికి “బంగారస్” అను పేరు వచ్చినది. ఒక మారు నియమానుసారముగా ప్రకటింపబడిన మొదటి పేరే చెల్లవలెనని శాస్త్రజ్ఞుల కట్టుబాటు. అందుచేత మన జాలరి నోటిమాటను మార్చు అధికారము ఎవరికిని లేదు.

ఈ కట్టుబాటు ఎంత గట్టిదో టెక్కలి సమీపమున నున్న తేలినీలాపురమున తెలియును. ఏటేట వానకాలము చివర ఆ ఊరి చెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచును. గూడబాతు శాస్త్రనామము “పెలికానస్ ఫిలిప్పెన్సిస్”. ఫిలిప్పైన్సు దేశపుదను అర్థమున 1789లో గ్మెలిన్ ఆ పేరు పెట్టెను. నేడు ఆ దేశమున ఈ పక్షి లేదు, నశించినది. అయినను పేరు మారలేదు. పేరు చిరునామా కాదు, గుర్తు మాత్రమే. ఎర్రకాళ్ల కొంగ సంగతి కొంత వేరు. 1769లో దానిని “టాంటలస్ ల్యూకోసెఫాలస్” అనిరి. చుట్టరికము సరిగా తెలిసినపిమ్మట వేరొక ప్రజాతిలో చేర్చుటచేత నేడది “మిక్టీరియా ల్యూకోసెఫాలా”. దత్తత పోయినవానికి ఇంటిపేరు మారును గాని పెట్టినపేరు మారదు కదా! మొదటి మాట లింగము ననుసరించి రెండవ మాట తుది మాత్రము మారినది.

తేలినీలాపురపు పక్షులు సైబీరియానుండి వచ్చునని పలువురు చెప్పుకొందురు. గూడబాతు విషయమున అది నిజము కాదు. ఈ జాతి గూడు కట్టునది భారతదేశము, శ్రీలంక, కంబోడియాలలో. శీతకాలమున ఉత్తరపు దేశములనుండి వచ్చు బాతులు ఇచ్చట మేత మేసి పోవును, గుడ్లు పెట్టవు. గుడ్డు పెట్టి పిల్లను లేపిన చోటే పక్షికి పుట్టినిల్లు. కనుక ఈ గూడబాతులు మన ఇంటికి వచ్చిన విదేశీయ అతిథులు కావు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు. ఈ భేదము మాటలకు సంబంధించినది మాత్రము కాదు. అతిథి ఒక ఏడు రానిచో వేరొక చోట సుఖముగా నున్నాడని ఊరుకొందుము. ఆడపడుచు రానిచో కారణము మన ఇంటిలోనే వెదకవలెను. చెట్టు కొట్టితిమా, చెరువు ఎండినదా, చేప తగ్గినదా అని అడుగవలెను. ఆ ఊరివారు ఆ పక్షులను ఆదరముతో కాపాడుచున్నారు. సరియైన పేరు తెలిసినచో ఆ ఆదరమునకు బాధ్యతయు తోడగును.

పేరు తప్పుటవలన కలుగు నష్టము ఉద్దానపు రైతునకును కలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి, కొబ్బరి, జీడితోటలను నేలకూల్చినది. తరతరములుగా పెంచిన చెట్లు ఒక్క పూటలో పోయినవి. మరల నాటవలసిన రైతునకు “జీడిమామిడి అంటు” అను మాట చాలదు. జాతి ఒకటే యయినను అందులో వంగడములు పెక్కు. బాపట్ల పరిశోధనస్థానమున రూపొందిన బి.పి.పి.-8 వంటి వాటికి కాపు, పిక్క తూకము వేర్వేరు. అంటునకు కట్టిన చీటీపై పేరు తప్పినచో, ఆ తప్పు మూడు నాలుగేండ్లకు చెట్టు కాపుకు వచ్చినపుడు గాని బయటపడదు. అప్పటికి గడచిన కాలమును ఎవరును తిరిగి ఇయ్యలేరు. కనుక అంటు కొనునపుడు వంగడము పేరు అడిగి, వ్రాసియుంచుకొనవలెనని మా మనవి.

ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన జాతులు సుమారు 20 లక్షలు. ఇంకను పేరు లేనివి అంతకు మించి యుండునని వారి అంచనా. పేరు లేని ప్రాణి నశించినను నశించినదని చెప్పుటకు వీలులేదు. మన ఊరి చెట్టును, చేపను, పిట్టను పెద్దలు ఏ పేరుతో పిలిచెదరో పిల్లలకు నేర్పుట మొదటి పని. ఆ పేరు ప్రక్కన శాస్త్రీయనామమును వ్రాసికొనుట రెండవ పని. మొదటిది మన ఊరికి తెలిసినదానిని నిలుపును. రెండవది దానిని లోకమునకు అందించును. ఈ పర్యాయము ఇంటిలో జీడిపప్పు పొట్లము విప్పునపుడు, అది మామిడికి ఏమగునో పిల్లలనడిగి చూడుడు. సమాధానము వారు పలుకు పేరులోనే యున్నది.